చక్రం పెద్దదైతే చాలునా?

గత శీతాకాలంలో అసర్ నమాజు తరువాత మా ఇంటి వెనుకనున్న బండల వైపు వచ్చినవారు ఒక విచిత్ర దృశ్యాన్ని చూసి ఉంటారు. గడ్డం నెరిసిన మదరసా ఉపాధ్యాయుడొకరు కుర్తా అంచు పైకి పట్టుకొని, బండ మీద గొంతుకూర్చొని, మూరెడు పొడవున్న ఒక బొమ్మ జీపు చక్రాల కిందికి తొంగి చూస్తూ ఉండేవారు. ఆ ఉపాధ్యాయులము మేమే. మా విద్యార్థులలో ఇద్దరు ముగ్గురు అది చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకొని వెళ్ళిపోయిన సంగతి కూడా మాకు తెలుసు. ఈ వయసులో మాకు ఆ పని ఎందుకు పట్టినదో, అందులో మేము చేసిన పొరపాటు ఏమిటో పాఠకులకు చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేముండేది భువనగిరి. ఇక్కడి కోట నిలిచి ఉన్నది ఒకే ఒక్క పెద్ద రాతి గుట్ట మీద. ఊరి చుట్టూ కూడా గ్రానైటు బండలకు కొదువ లేదు. మా చెల్లెలి కుమారుడు ఇంటర్మీడియెట్ చదువు కోసం రెండేళ్ళుగా మా ఇంటనే ఉంటున్నాడు. మా చెల్లెలు ముసలివారైన అత్తమామలను చూసుకుంటూ పల్లెలో ఉంటుంది. ఆమె భర్త ఇరవై ఏళ్ళుగా దమ్మాంలో వాహనాల మరమ్మతు షెడ్డులో మెకానిక్. రెండేళ్ళకొకసారి సెలవు దొరుకుతుంది. అంటే ఆ పిల్లవాడు పుట్టి పదిహేడేళ్ళు అయినా, తండ్రితో గడిపిన కాలం మొత్తం లెక్కిస్తే రెండేళ్ళు కూడా నిండదు.

కిందటి సెలవులో అతడు కొడుకు కోసం తెచ్చినదే ఆ వాహనం. దానిని రాక్ క్రాలర్ అంటారు. చేతిలోని రిమోటుతో నడిపే బండే గాని, పరుగు పందెాల బండి కాదు. మనిషి నడకకన్నా మెల్లగా, రాయి మీద రాయి పట్టుకుంటూ ప్రాకి పోవటమే దాని పని. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు సియెర్రా నెవాడా పర్వతాలలో రూబికాన్ అనే రాళ్ళ బాట ఉన్నది. అటువంటి బాటల మీద అక్కడివారు అసలైన జీపులను ఎక్కిస్తారు. ఆ జీపులనే పదవ వంతు కొలతకు దించి, నిజమైన వాటివలెనే ఇరుసులు, స్ప్రింగులు, గేర్లు అమర్చి తయారుచేసినవే ఈ చిన్న వాహనాలు. ఆక్సియల్ సంస్థ 2009లో విడుదల చేసిన ఎస్‌సీఎక్స్‌10, ట్రాక్సాస్ సంస్థ 2017లో విడుదల చేసిన టీఆర్‌ఎక్స్‌4 వీటిలో బాగా పేరుపొందినవి. ఇవన్నీ మాకు తరువాత తెలిసిన సంగతులు. అప్పట్లో మాకు తెలిసినదల్లా ఒక్కటే: అది ఖరీదైన ఆట వస్తువు, పిల్లవాడి చదువుకు అడ్డు.

తండ్రి తిరిగి వెళ్ళే ముందు రోజు తండ్రీ కొడుకులు మా ఇంటి వెనుక బండ మీద ఆ వాహనాన్ని ఎక్కించబోయారు. నడుమ ఒక పగులు ఉన్నది. అక్కడికి చేరేసరికి బండి ఆగిపోయేది. అతడు సుద్దముక్కతో అక్కడ ఒక గీత గీసి, "వచ్చేసారికి దీనిని దాటించాలి బేటా" అని వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ప్రతి శుక్రవారం ఫోను వచ్చేది. అరగంట, ముప్పావు గంట మాట్లాడుకొనేవారు. వరండాలో కూర్చొని వినేవారము. షాక్ అబ్జార్బర్లు, పినియన్లు, ఇరుసులు, ఇవే మాటలు. తల్లి ఆరోగ్యం, చదువు, నమాజు గురించి రెండు ముక్కలు కూడా ఉండవేమని మాకు కష్టం తోచేది. దసరా సెలవుల తరువాత ఒకనాడు పుస్తకం ముందు పెట్టుకొని వాడు మరమేకులు బిగిస్తూ కనిపించాడు. ఇస్రాఫ్ గురించి, దుబారా గురించి ఒక చిన్న ఉపన్యాసమే ఇచ్చాము. వాహనాన్ని తీసుకొని మా బీరువాలో పెట్టి తాళం వేశాము. పిల్లవాడు ఎదురు చెప్పలేదు. "సరే మామూ" అన్నాడు, అంతే.

ఆ శుక్రవారం ఫోను ఆరు నిమిషాలు సాగింది. తరువాతి వారం నాలుగు నిమిషాలు. ఆపై వారం తండ్రి "ఎలా ఉన్నావు?" అని, కొడుకు "బాగున్నాను అబ్బా" అని, ఇద్దరూ కొంతసేపు ఊరకుండి పెట్టేశారు.

మేము దీనిని గమనించలేదు. మా శ్రీమతి గమనించింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "మీరు బీరువాలో పెట్టినది బండి కాదు, వాళ్ళ మాట" అన్నది. మేము ముద్ద కలుపుతూ ఉండిపోయాము. ఇరవై ఏళ్ళుగా ఇంటికి దూరంగా ఉన్న మనిషి ఏ విషయం మీద కొడుకుతో మాట్లాడగలడు? తనకు వచ్చిన విద్య మీదనే కదా. అతనికి వచ్చినది బండ్ల విద్య. మేము ఆ ఒక్క ద్వారమూ మూసివేశాము.

మరునాడు వాహనాన్ని తిరిగి ఇచ్చాము. ఇచ్చి ఊరకుంటే బాగుండేది. మా తప్పును సరిదిద్దుకోవాలన్న తొందరలో పిల్లవానికి చెప్పకుండానే హైదరాబాదు వెళ్ళి, ఇటువంటి సామాను అమ్మే ఒక దుకాణం వెతికి పట్టుకున్నాము. బండ మీద ఆగిపోతున్నదని చెప్పగా, అక్కడి యువకుడు పెద్ద టైర్లు వేయమన్నాడు. పాత టైర్ల నిలువు కొలత 4.2 అంగుళాలు, కొత్తవి 4.75 అంగుళాలు. రిమ్ము అదే 1.9 అంగుళాలు కనుక వాటికే సరిపోతాయన్నాడు. "బండి ఎంత ఎత్తుగా ఉంటే అంత మంచిది హజ్రత్" అని పొడవాటి షాక్ అబ్జార్బర్లు నాలుగు కూడా అంటగట్టాడు. మా నెల జీతంలో ఐదవ వంతు అక్కడ దించి, ఎంతో సంతోషంతో ఇల్లు చేరాము.

పిల్లవాడు వాటిని చూసి ఒక క్షణం ఏదో చెప్పబోయి, మా ముఖం చూసి మానుకున్నాడు. ఆ సాయంత్రమే బిగించాము. చూపులకు బండి గంభీరంగా ఉన్నది. బండ దగ్గరికి తీసుకుపోయాము. చక్రం తిప్పగానే టైరు మడ్‌గార్డుకు రాసుకొని ఆగింది. ఎలాగో నాలుగడుగులు ఎక్కి, ఏటవాలు రాగానే పక్కకు పొర్లింది. మళ్ళీ పెట్టాము, మళ్ళీ పొర్లింది. పదినిమిషాలు గడిచేసరికి మోటారు నుండి కాలిన వాసన రాసాగింది. సుద్దగీతకు ఇంకా మూరెడు దూరం ఉండగానే పని ముగిసింది. ఇంతకుముందు చేరిన చోటికి కూడా బండి చేరలేదు. "ఫర్వాలేదు మామూ" అన్నాడు పిల్లవాడు. ఇంటికి వచ్చే దారి పొడుగునా మా కన్నా రెండడుగులు వెనుక నడిచాడు.

శుక్రవారం ఫోను మ్రోగినప్పుడు ఆ సంగతి మేమే చెప్పాము. దమ్మాం నుండి పెద్దగా నవ్వు వినిపించింది. "భాయ్‌జాన్, ఫోను బండి వైపు తిప్పండి" అన్నాడు. అంతటితో మా చదువు మొదలైనది. నాలుగు శుక్రవారాలు సాగింది. ముప్పై ఏళ్ళుగా మదరసాలో ఇతరులకు పాఠం చెప్పిన మేము, చాప మీద పిల్లవాని పక్కన కూర్చొని పాఠం విన్నాము.

మొదటి పాఠం ఎత్తు గురించి. బండికి ఎత్తు రెండు రకాలు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు పెంచితే లేచేది పై భాగం మాత్రమే. రెండు చక్రాల నడుమ ఇరుసు మీద ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ పెట్టె మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. రాళ్ళకు తట్టుకొనేది చాలాసార్లు అదే. దానిని లేపగలిగేది టైరు ఒక్కటే. అదీ టైరు పెరిగినంత కాదు, అందులో సగమే. మా టైర్లు అరంగుళం పైన పెరిగాయి, ఇరుసు లేచినది 7 మిల్లీమీటర్లు. "పోర్టల్ యాక్సిల్ ఉంటే?" అని పిల్లవాడు అడిగాడు. ఆ ఏర్పాటులో ఇరుసు చక్రం నడిమధ్యకు గాక, దానికి పైగా ఉంటుంది, చక్రం వద్ద ఉండే అదనపు గేర్లు చలనాన్ని కిందికి దించుతాయి. టీఆర్‌ఎక్స్‌4కు ఉన్నది అదే. "ఉన్నదానితో ముందు పని చేయించు, లేనిదానికి ఖర్చు తరువాత" అన్నాడు తండ్రి. మేము తల దించుకున్నాము.

రెండవ పాఠం మా మనసులో బాగా నాటుకొన్నది. సస్పెన్షన్ ఉన్నది బండిని పైకి లేపటానికి కాదట, చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచటానికట. ఒక చక్రం రాయి మీదికి లేచినప్పుడు రెండవది పల్లంలోకి దిగి నేలను అందుకోవాలి. గాలిలో ఉన్న చక్రం ఎంత పెద్దదైనా ఎందుకూ పనికిరాదు. అందుకోసం బండి తన బరువుతో నిలబడినప్పుడే షాక్ అబ్జార్బరు తన కదలికలో మూడవ వంతు నుండి సగం దాకా కుంగి ఉండాలి. అప్పుడే కింద పల్లం వచ్చినప్పుడు చాచుకోవటానికి దానికి చోటు మిగులుతుంది. మేము కొన్న పొడవాటి వాటిలో స్ప్రింగులు బిరుసు. బండి వాటి మీద కర్రకాళ్ళ మీద నిలబడినట్లు నిలబడింది. పైగా బండి లేచినకొద్దీ గేరు పెట్టె నుండి ఇరుసుకు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు మరీ ఏటవాలై, దాని కీళ్ళు పట్టేస్తున్నాయి. అందుచేత మేము కొన్నవి ఊడదీసి పాతవే బిగించాము. వాటిలో మెత్తని స్ప్రింగులు, పలుచని నూనె వేశాము. మెత్తదనానికి కూడా హద్దు ఉన్నదని హెచ్చరించాడు. మోటారు షాఫ్టును ఒకవైపు తిప్పితే బండి పై భాగం రెండోవైపు మెలిపడుతుంది. స్ప్రింగులు మరీ మెత్తనైతే ఎక్కుడులో ముందు చక్రం ఒకటి ఆ మెలికకు పైకి లేస్తుంది.

మూడవ శుక్రవారం గేర్లు. టైరు పదమూడు శాతం పెద్దదైతే, మోటారు ఒక్కో చుట్టుకు బండిని అంతే అదనంగా ముందుకు నెట్టవలసి వస్తుంది. భారం పెరిగింది, మోటారు అదే. కాలిన వాసన రాక ఏమవుతుంది? విరుగుడు సులభమే. మోటారు కొనకు ఉండే చిన్న పళ్ళచక్రాన్ని, అంటే పినియన్‌ను, ఇంకా చిన్నది చేయాలి. లెక్క వేయమని కొడుకుతో అన్నాడు. వాడు కాగితం మీద 15ను 4.2తో గుణించి 4.75తో భాగించాడు. 13.26 వచ్చింది. 15 పళ్ళ పినియన్ తీసి 13 పళ్ళది వేశాము. రెండు గేర్ల నడుమ ఒక కాగితపు ముక్క పెట్టి నొక్కి బిగించి, ఆపై కాగితం లాగివేస్తే కావలసినంత సందు ఉంటుందని చూపించాడు.

అదే రోజు పిల్లవాడు బండి పై డొప్పను కత్తిరించాడు. ముందు కాగితంతో అచ్చు తీసి, చక్రాలను ఈ కొస నుండి ఆ కొసకు తిప్పి, ఎక్కడ రాసుకుంటున్నదో గుర్తు పెట్టి, అంత మేరకే మడ్‌గార్డు అంచును వంపు కత్తెరతో తీశాడు. చక్రాలు ఒక్కోవైపు 5 మిల్లీమీటర్లు బయటికి వచ్చేటట్లు ఇరుసు కొసలకు వెడల్పాటి బిళ్ళలు వేశాడు.

ఇక బరువు. దమ్మాంలో ఇసుక తిన్నెల మీదికి పోయేవారు టైర్లలో గాలి సగానికి తగ్గిస్తారట. టైరు పరచుకొని ఇసుకను ఎక్కువ మేర పట్టుకుంటుంది. ఈ చిన్న టైర్లలో గాలి నింపరు, లోపల స్పంజి ఉంటుంది, రిమ్ముకు సన్నని రంధ్రం ఉంటుంది. మెత్తని స్పంజి వేస్తే రాయి అంచును టైరు గుప్పిట పట్టినట్లు పట్టుకుంటుంది. కాని పట్టుకోవటానికి బరువు కావాలి, ఆ బరువు పైన ఉండరాదు. ఎక్కుడులో బరువంతా వెనుకకు జారి ముందు చక్రాలు తేలికవుతాయి. అందుకని వెనుకనున్న బ్యాటరీని ముందుకు మార్చి, ముందు ఇరుసు కొసలకు ఇత్తడి బిళ్ళలు తగిలించాము. ఎక్కువ వేస్తే చక్రాలను తిప్పే సర్వో మోటారుకు భారమని, కొద్దిగానే వేయించాడు.

ఇవన్నీ సరిగా ఉన్నాయో లేవో తెలుసుకోవటానికి ఒక పరీక్ష చెప్పాడు. బండిని పీట మీద అడ్డంగా నిలిపి, పీటను ఒకవైపు మెల్లగా ఎత్తుతూ, ఏ కోణం వద్ద పొర్లుతుందో కోణమానినితో చూడాలి. పాత టైర్లతో 42 డిగ్రీలని పిల్లవాని నోటు పుస్తకంలో ముందే ఉన్నది. మేము కొన్న సామాను యథాతథంగా బిగించినప్పుడు 36. అన్నీ సరిచేసిన తరువాత 45. టైర్లు అవే, పెద్దవే. వాటి చుట్టూ ఉన్నవన్నీ మారాయి.

మేము మదరసాలో బోధించేది సర్ఫ్, అంటే అరబీ పదరూపాల శాస్త్రం. 'ఖవల' అన్న మూలరూపంలో వావ్‌కు ముందు జబర్ ఉండుట చేత ఆ వావ్ అలిఫ్‌గా మారి 'ఖాల' అవుతుందని ప్రతి సంవత్సరం కొత్త పిల్లలకు చెబుతాము. ఏ అక్షరమూ ఒంటరిగా ఉండదు, పక్కదానిని బట్టి అది నడుచుకోవాలని చెబుతాము. ముప్పై ఏళ్ళుగా చెబుతున్న మాటే. టైరు కొనేనాడు జ్ఞాపకం రాలేదు.

నాలుగవ శుక్రవారం జరిగినది చెప్పటానికే అసలు ఈ వ్యాసం. ఇత్తడి బిళ్ళలు బిగించటం అయిపోయింది. తండ్రి, "ఇక ఎక్కించటమే మిగిలింది బేటా, వెలుగు ఉండగానే వెళ్ళు" అన్నాడు. పిల్లవాడు లేవలేదు. చేతిలోని అలెన్ కీని తిప్పుతూ తిప్పుతూ, "అబ్బా, అర్ధ సంవత్సర పరీక్షలో ఫిజిక్స్ తప్పాను" అన్నాడు.

మా గుండె ఆగినంత పనైనది. ఫలితాలు వచ్చి మూడు వారాలైనదట. ఒకే కప్పు కింద ఉంటూ, రోజూ "చదువుతున్నావా?" అని అడుగుతూ, "చదువుతున్నాను మామూ" అన్న జవాబు వింటూ, మేము తృప్తిగా నిద్రపోయాము. మేము కోపంతో నోరు తెరవబోతే మా శ్రీమతి కంటితో వారించింది. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తరువాత ఆయన అడిగినది ఒక్కటే: "ఎక్కడ ఆగిపోతున్నావు?" బండి గురించి అడిగిన గొంతుతోనే అడిగాడు. భ్రమణం, టార్కు ఉన్న అధ్యాయాలు తలకెక్కటం లేదని వాడు చెప్పాడు. "నాలుగు వారాలుగా నీవు చేసినది అదే కదరా" అన్నాడు తండ్రి. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే వాడు కళ్ళు తుడుచుకున్నాడు. మేము లేచి లోపలికి వెళ్ళాము.

ఆ మాట మాతో ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు మాకు తెలుసు. మేము ఎత్తు మీద నిలబడి మాట్లాడాము. దూరదేశంలో ఉన్న తండ్రి, చక్రం నేలను అందుకొన్నట్లు, కొడుకు ఉన్న చోటికి దిగి మాట్లాడాడు.

మరునాటి సాయంత్రం బండ ఎక్కాము. గ్రానైటు గరుకు మీద మెత్తని రబ్బరు చక్కగా పట్టుకున్నది. పగులు దగ్గర రెండుసార్లు జారింది. మూడవసారి పిల్లవాడు తొందరపడక, వెనుకకు తీసి, ఎడమవైపున్న చిన్న మెట్టు మీదికి ముందు చక్రాన్ని చేర్చి, మెల్లగా, మిక్కిలి మెల్లగా నడిపించాడు. ఒక చక్రం పగులులోకి దిగింది, అడుగును అందుకున్నది, బండిని పైకి నెట్టింది. సుద్దగీత వానకు ఎప్పుడో చెరిగిపోయింది గాని, ఆ చోటు మా ఇద్దరికీ తెలుసు. దానిని దాటి జానెడు దూరం పోయి బండి పక్కకు పొర్లింది. ఫోనులో చూస్తున్న తండ్రి "బస్, చాలు!" అని కేక వేశాడు. ఫోను పట్టుకొన్న మా చేయి వణకి, ఆయనకు సగం దృశ్యం ఆకాశమే కనిపించిందట.

ఇటువంటి వాహనం ఉన్న ఇళ్ళ పెద్దలకు మా అనుభవం కొద్దీ చెబుతున్నాము. పెద్ద టైర్లు కొనే ముందు మడ్‌గార్డు కింద చోటును, గేరు లెక్కను చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, పీట పరీక్ష పెట్టి, సంఖ్య వ్రాసుకోండి. కొద్దిసేపు నడిపిన తరువాత మోటారు దగ్గర చేయి పెట్టి చూడండి, సెగ తగిలితే ఆపండి. వీటిలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీని ఎవరూ దగ్గర లేకుండా ఛార్జింగుకు పెట్టి వదలకండి, ఉబ్బినదానిని వాడకండి. అన్నిటికన్నా ముందు, కొనే సంగతి ఆ బండిని రోజూ చూసే పిల్లవానిని ఒక్క మాట అడగండి. ఆనాడు మా పిల్లవాడు చెప్పబోయి మానుకొన్నది, పొడవాటి షాక్ అబ్జార్బర్లు వద్దనే.

మార్చిలో వాడు ఫిజిక్స్ పరీక్ష వ్రాశాడు. గొప్ప మార్కులేమీ కావు, గట్టెక్కాడు. వాని తండ్రి వచ్చే నెలలో సెలవు మీద వస్తున్నాడు. ఆ షాక్ అబ్జార్బర్లు నాలుగూ మా బీరువాలో, వాహనాన్ని దాచిపెట్టిన అరలోనే ఉన్నాయి. దుబారా గురించి ఇంట్లో ఉపన్యాసం ఇవ్వాలనిపించినప్పుడల్లా మేము ఆ అర తెరిచి చూస్తున్నాము.